చలిరాత్రులలో వెచ్చదనము: తక్కువ ఖర్చు, తగిన జాగ్రత్త

పుష్యమాసము ప్రవేశించి ఉత్తరపు గాలి వీచనారంభింపగనే, పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరు రైల్వే పట్టణమున ప్రతి గృహిణికిని రెండు చింతలు కలుగును. రాత్రివేళ పసిపిల్లలను, వృద్ధులను వెచ్చగా ఉంచుట యెట్లు? అందులకగు ఖర్చు భరించుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్కటే. గదిని వేడిచేయుటకు పూనుకొనక, శరీరమున పుట్టిన వేడిని పోనీయక నిలుపుకొనుటయే అల్పవ్యయముతో కూడిన మార్గము. ఆరోగ్యమునకును అదియే క్షేమకరము. చవుకయని తోచు బొగ్గుల కుంపటి మూసిన గదిలో ప్రాణాపాయము కలిగింపగలదు. ఈ విషయమును ప్రతి కుటుంబమును తెలిసికొనవలెను.

మలంచాలో చలి

ఖరగ్‌పూరులో తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్న పేటలలో మలంచా యొకటి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూరును కూడలిగా చేసికొని, అచట పెద్ద కార్ఖానాను నెలకొల్పినది. నాటినుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు అనేకులు పనులకై వచ్చి అక్కడనే స్థిరపడిరి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన పిమ్మటను ఆ రాకపోకలు సాగినవి.

వారి పూర్వులు విడిచివచ్చిన ఊళ్లు పెక్కు సముద్రతీరమునకు దగ్గరివి. సముద్రము పగటి వేడిని తనలో నిలుపుకొని రాత్రివేళ మెల్లగా విడుచును గనుక తీరమున చలి అంతగా బాధింపదు. ఖరగ్‌పూరు తీరమునకు దూరముగా లోపలనున్నది. శీతకాలమున ఆకాశము నిర్మలముగను, గాలి పొడిగను ఉండును. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోవును. అందుచేత మధ్యాహ్నము హాయిగానున్న ఎండ కాసిన దినముననే తెల్లవారుజామున ఉష్ణోగ్రత 12, 13 సెంటీగ్రేడు డిగ్రీలకు దిగుట కద్దు. కొన్ని రాత్రులు అంతకంటెను చలిగా ఉండును.

హిమాలయ ప్రాంతముల చలితో పోల్చిన ఇది స్వల్పమే. ఐనను ఇక్కడి యిండ్లు చలికొరకు కట్టినవి కావు. ఎత్తైన కప్పు, గోడపైని గాలిరంధ్రములు, గచ్చు నేల మొదలగునవన్నియు ఎండకాలపు వేడిని బయటికి పంపుటకు ఏర్పరచినవి. వేసవిలో మేలుచేయు ఆ యేర్పాటే పుష్యమాఘములలో ఇంటి వెచ్చదనమును బయటికి పంపివేయును. రేకుల కప్పుగల యిండ్లలో ఈ బాధ మరింత హెచ్చు. పలుచని రేకు సూర్యాస్తమయమైన కొలదిసేపటికే చల్లబడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన గృహారోగ్య సూచనలలో, చలికాలముగల దేశములందు ఇంటిలోపలి ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు తగ్గకుండుట మంచిదనియు, వృద్ధులకు, శిశువులకు, రోగులకు అంతకంటె ఎక్కువ అవసరము కావచ్చుననియు చెప్పినది. కావున స్వల్పమైన చలియే గదా యని ఉపేక్షింపరాదు.

శరీరమే మొదటి కుంపటి

నిద్రించుచున్న పెద్దవారి శరీరమునుండి సుమారు 70, 80 వాట్ల వేడి ఎడతెగక వెలువడుచుండును. ఎనిమిది గంటల నిద్రలో ఒక్క మనిషి వెలువరించు వేడి అర యూనిటు విద్యుత్తుకంటె ఎక్కువ. దీనికి కాసు ఖర్చులేదు. ఈ వేడి పారిపోవు దారులను మూసినచో చాలును.

వేడి పోవు మొదటి దారి క్రింది నేల. పైన రెండు రగ్గులు కప్పుకొని, క్రింద గచ్చుపై ఒక చాప మాత్రము పరచుకొన్నవాడు రాత్రియంతయు వణకుటకు కారణమిదియే. గచ్చు శరీరపు వేడిని పీల్చుకొనుచుండును. దీనికి విరుగుడు సులభము. నేలపై ముందుగా పాత వార్తాపత్రికలను నాలుగైదు మడతలుగా పరచి, దానిపై పొడి గోనెసంచులను, ఆపైన చాపను, బొంతను వేయవలెను. తాళ్ల మంచముపై పరుండువారు సైతము బొంతను పైన కప్పుకొనుటతో తృప్తిపడక, ఒకటి క్రింద తప్పక పరచుకొనవలెను. ఏలయన అల్లికలోని సందులనుండి చల్లని గాలి వీపునకు తగులుచుండును.

రెండవ దారి పైనుండు గాలి. దూది, ఉన్ని మొదలగునవి తమంతట తాము వేడిని పుట్టింపవు. వాని పోగుల నడుమ చిక్కుకొని కదలకుండు గాలియే వెచ్చదనమును కాపాడును. ఏండ్ల తరబడి వాడి అణగిపోయిన బొంత బరువుగా నుండును గాని, అందు గాలికి చోటులేనందున వెచ్చగా నుండదు. బెంగాలులో శీతకాలమునకు ముందు ధునూరీలు, అనగా మన దూదేకులవారివంటివారు, వింటిని భుజముపై వేసికొని వీధులలో తిరుగుచు పాత లేపులలోని దూదిని ఏకి ఇచ్చు ఆచారము కలదు. అట్లు ఏకించిన పాత దూది మరల ఉబ్బి క్రొత్తదానివలె పనిచేయును. క్రొత్త రగ్గు కొనుటకంటె ఇది చవుక. పాత నేతచీరలను మడతలు పెట్టి కుట్టిన బొంతలును ఇట్టివే. బొంతలను, లేపులను వారమునకు రెండు మూడుసార్లు ఎండవేసినచో వానిలోని తడి యారిపోయి వెచ్చదనము హెచ్చును.

దుస్తుల విషయమునను ఇదే సూత్రము. ఒక దళసరి వస్త్రమునకంటె, ఒకదానిపై నొకటి వేసికొన్న రెండు మూడు వదులైన వస్త్రములు ఎక్కువ వెచ్చదనము నిచ్చును. ఆ వస్త్రముల నడుమ గాలి నిలుచుటయే కారణము. చెమటతో గాని నీటితో గాని తడిసిన బట్టను వెంటనే మార్చవలెను. పాదములకు మేజోళ్లు, తలకు టోపీ ఉండవలెను. బెంగాలీల మంకీ టోపీని చూచి క్రొత్తగా వచ్చినవారు నవ్వుట కద్దు. ఐనను తల, చెవులు, మెడ కప్పు ఆ టోపీ వృద్ధులకు మిక్కిలి ఉపకరించును.

దోమతెర కట్టుకొని పరుండు అలవాటును చలికాలమున మానరాదు. అది దోమలను వారించుటయే కాక, గాలి విసురును కొంత తగ్గించును.

గదిని సర్దుకొను విధము

పగటి యెండ ఖర్చులేని ఇంధనము. ఉదయము ఎండ బాగుగా పొడిచిన పిమ్మట దక్షిణపు వైపు కిటికీలను తెరచి, తెరలను తొలగించి, ఎండను లోనికి రానీయవలెను. గోడలును నేలయు ఆ వేడిని కొంత గ్రహించును. సూర్యుడు అస్తమించుటకు కొంత ముందుగనే కిటికీలను మూయవలెను. చీకటి పడిన పిమ్మట మూసినచో పగలు కూడబెట్టిన వెచ్చదనము అప్పటికే చాలవరకు పోయియుండును.

ఉత్తర, పశ్చిమ దిక్కుల తలుపుల క్రింది సందులలో పాతబట్టలు చుట్టి దూర్చవలెను. కిటికీ చెక్కల పగుళ్లపై దళసరి కాగితము అంటింపవలెను. రేకుల కప్పు క్రింద కొంత యెడముంచి వెదురు తడకను కట్టినచో, తడకకును రేకునకును నడుమనుండు గాలి పొర రాత్రి చలిని, వేసవిలో ఎండను కూడ తగ్గించును. కుటుంబమంతయు రాత్రి ఒకే చిన్నగదిలో పరుండుటయు మంచి ఉపాయమే.

అయితే గదిని పెట్టెవలె మూసివేయరాదు. పైకప్పు చేరువనుండు గాలిరంధ్రము నొకదానినైనను తెరచియుంచవలెను. క్షయ మొదలగు వ్యాధులు గాలి మారని గదులలో ఒకరినుండి యొకరికి సులభముగా సోకును. ఇంట ఎవరికైనను దగ్గు రెండు వారములకు మించియున్నచో, వారిని వెంటనే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయి కళ్లె పరీక్ష చేయింపవలెను.

విద్యుత్తు లెక్క

వేయి వాట్ల ఉపకరణము ఒక గంట పనిచేసినచో ఒక యూనిటు విద్యుత్తు ఖర్చగును. ఈ ఒక్క సూత్రము తెలిసినచో గృహస్థుడు తన ఖర్చును తానే లెక్కించుకొనవచ్చును.

వేయి వాట్ల హీటరు రాత్రి ఎనిమిది గంటలు ఎడతెగక పనిచేసినచో 8 యూనిట్లు, నెలకు 240 యూనిట్లు అగును. రెండువేల వాట్ల హీటరైనచో అది 480 యూనిట్లు. ఎత్తైన కప్పుగల గదిలో ఈ వేడి పైకి పోయి, గాలిరంధ్రముల ద్వారా వెలుపలికి జారిపోవును. దీనికి భిన్నముగా, రెండు లీటర్ల నీటిని 20 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాచుటకు కావలసిన వేడి యూనిటులో పదవ వంతుకంటె తక్కువ. ఆ నీటిని రబ్బరు సంచిలో పోసి, బిరడాను గట్టిగా బిగించి, దళసరి గుడ్డ చుట్టి, పరుండుటకు కొంత ముందుగా పక్కలో నుంచినచో పక్క వెచ్చబడును. పిమ్మట ఆ వెచ్చదనమును బొంత కాపాడును. అట్టి రెండు సంచులకగు ఖర్చు, రాత్రియంతయు వెలుగు చిన్న హీటరు ఖర్చులో ఎంతో స్వల్పభాగము మాత్రమే.

ఈ సంచిలో మరుగుచున్న నీటిని పోయరాదు. మధుమేహము వలన పాదములలో స్పర్శ తగ్గినవారికి దీనిని కాళ్లకు తగులనీయరాదు. చర్మము కాలినను వారికి తెలియదు. శిశువు పక్కను వెచ్చచేసినచో, శిశువును పరుండబెట్టుటకు ముందే సంచిని తీసివేయవలెను.

రోగి కొరకు హీటరు తప్పనిసరియైనచో, చిన్నగదిలో, నిద్రకు ముందు ఒక గంట మాత్రము వాడి ఆర్పివేయవలెను. అప్పుడు నెలకు 240 యూనిట్లు కావలసిన చోట 30 యూనిట్లతో సరిపోవును. హీటరును పక్కబట్టలకు, దోమతెరకు దూరముగా నుంచవలెను. దాని తీగను నేరుగా గోడకుండు పెద్ద ప్లగ్గునకే తగిలింపవలెను. ఒకే ప్లగ్గుపై పలు ఉపకరణములను పెట్టినచో తీగలు కాలి అగ్నిప్రమాదము కలుగవచ్చును.

స్నానపు నీళ్లు

చలికాలపు ఖర్చులో స్నానపు నీళ్ల భాగము తక్కువ కాదు. ఇరువది లీటర్ల నీటిని 20 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు అర యూనిటు కావలెను. ఐదుగురు గల కుటుంబమునకు దినమునకు రెండున్నర యూనిట్లు, నెలకు 75 యూనిట్లు ఇందులకే ఖర్చగును. చెంబుతో పొదుపుగా పోసికొని పది లీటర్లతో స్నానము ముగించినచో ఈ ఖర్చు సగమగును. నీళ్లను పొయ్యిమీద కాచువారు గిన్నెపై మూత తప్పక పెట్టవలెను. అవసరమునకు చాలా ముందుగా కాచి చల్లారనిచ్చి, మరల కాచుట వ్యర్థము.

ఖరగ్‌పూరులో శీతకాలపు మధ్యాహ్నములు చాలవరకు ఎండ కాయునవి. వెలుపలి వైపు నల్లరంగు పూసిన రేకు డబ్బాలో నీరు నింపి, మూతపెట్టి, గాలి విసురు తగులని చోట ఉదయము తొమ్మిది గంటలనుండి ఎండలో నుంచినచో, మధ్యాహ్నమునకు నీటి చలి విరుగును. ఇంకను వేడి కావలెనన్నచో కొలది ఇంధనముతో సరిపోవును. వృద్ధులకు, పిల్లలకు తెల్లవారుజామున గాక, ఎండవేళ స్నానము చేయించుట అన్నివిధముల మేలు.

రాడ్డని వ్యవహరింపబడు విద్యుత్ కడ్డీతో నీళ్లు కాచువారు, స్విచ్చిని ఆర్పి ప్లగ్గును ఊడదీయనిదే నీటిలో చేయి పెట్టరాదు. రాడ్డును వెలిగించి పిల్లలున్న చోట విడిచిపోరాదు.

మూసిన గదిలో కుంపటి

ఆవిరి యింజనుల కాలమున రైల్వే పట్టణములలో బొగ్గు ఇంటింటను సామాన్యవస్తువు. నేడు చాల ఇండ్లలో వంటకు గ్యాసు పొయ్యి వచ్చినది. ఐనను చలిరాత్రులలో కుంపటిని గదిలోనికి తెచ్చు అలవాటు పూర్తిగా పోలేదు. వెలుపల బొగ్గులు రాజవేసి, పొగ పోయిన పిమ్మట ఎర్రని నిప్పులను లోనికి తెచ్చి, తలుపు మూసి నిద్రించుట క్షేమమని పలువురు తలంతురు. ఇది మిక్కిలి ప్రమాదకరమైన భ్రమ.

పొగ కంటిని మండించి, దగ్గు పుట్టించి మనిషిని హెచ్చరించును. పొగలేని నిప్పులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగులేదు, వాసనలేదు, అది కంటిని మండింపదు. రక్తమునందు ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిను, ప్రాణవాయువుకంటె ఈ విషవాయువును రెండువందల రెట్లకు మించిన గట్టిదనముతో పట్టుకొనును. అందుచేత గాలిలో ఈ విషవాయువు కొలదిగానున్నను, శరీరమునకు ప్రాణవాయువు అందుట క్రమముగా తగ్గిపోవును. మేలుకొనియున్నవానికి తలనొప్పి, కన్నులు తిరుగుట, వాంతి, నీరసము, మతి తడబడుట కలుగును. నిద్రించువానికి అవియు తెలియవు. నిద్ర స్మారకము లేని స్థితిగను, ఆ స్థితి మరణముగను మారవచ్చును.

ఈ విషయమున జనులలో ప్రచారమునందున్న మరి రెండు భ్రమలను విడువవలెను. కుంపటి ప్రక్కన చెంబుతో నీళ్లు పెట్టినచో విషము నీటిలోనికి పోవుననుట నిజము కాదు. ఈ వాయువు నీటిలో కరుగుట అత్యల్పము. నిప్పులపై బూడిద కప్పినచో అపాయము లేదనుటయు నిజము కాదు. బూడిద క్రింద మెల్లగా రగులు నిప్పునకు గాలి చాలదు గనుక, అట్టి నిప్పునుండి విషవాయువు వెలువడుచునే యుండును. గ్యాసు పొయ్యిని గది వెచ్చదనమునకై వెలిగించియుంచుటయు, గాలి ఆడని స్నానపుగదిలో గ్యాసు గీజరును వాడుటయు ఇట్టి ప్రమాదమునకే దారితీయును.

చలిమంట కావలెనన్నచో ఆరుబయటనే వేసికొనవలెను. ప్లాస్టిక్కును, టైరు ముక్కలను కాల్చరాదు. లేచిపోవునప్పుడు నీరు చల్లి మంటను పూర్తిగా ఆర్పవలెను. నిప్పులను ఇంటిలోనికి తేరాదు.

ఒకే గదిలో ఉన్నవారందరికిని ఒకేసారి తలనొప్పి, వికారము కలిగి, వెలుపలికి రాగానే తగ్గినచో అది ఈ విషమని అనుమానింపవలెను. ఎవరైనను స్మారకము తప్పియున్నచో వెంటనే తలుపులు, కిటికీలు తెరచి, వారిని ఆరుబయటికి చేర్చి, ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. అచట ఇచ్చు ప్రాణవాయువే దీనికి చికిత్స. స్మారకము లేనివారి నోట మజ్జిగ, నిమ్మరసము మొదలగునవి పోయుట అపాయము.

బాలింత, శిశువు

బాలింత మంచము క్రింద కుంపటి పెట్టుట తెలుగు ఇండ్లలో తరతరముల ఆచారము. తల్లికిని బిడ్డకును వెచ్చదనము కావలెనను పెద్దల తలంపు సరియైనదే. సాధనము మాత్రము మార్చుకొనవలెను. మూసిన గదిలోని విషవాయువునకు, పొగకు అందరికంటె ముందు లోనగునది అప్పుడే పుట్టిన శిశువు. గర్భవతి పీల్చిన విషవాయువు గర్భస్థ శిశువునకును చేరును.

ఇంతకంటె మేలైన మార్గము తల్లి యొద్దనే కలదు. 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు రాజధానియగు బొగొటాలో, వెచ్చదనము నిచ్చు యంత్రములు చాలక, బరువు తక్కువగా పుట్టిన శిశువులను తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు కట్టి ఉంచు పద్ధతిని వైద్యులు ఆరంభించిరి. కంగారూ తల్లి తన పిల్లను సంచిలో మోయునట్లుండుటచే దానికి కంగారూ పద్ధతియని పేరు వచ్చినది. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ తక్కువ బరువు శిశువులకు దీనిని ప్రత్యేకముగా సిఫారసు చేయుచున్నది. శిశువునకు టోపీ, మేజోళ్లు, లంగోటీ మాత్రము తొడిగి, తల్లి రొమ్ముల నడుమ నిలువుగా ఆనించి, పైన శాలువ కప్పవలెను. శిశువు ముఖము ఎల్లప్పుడు కనబడుచుండవలెను. తల్లి అలసినచో తండ్రియో, అమ్మమ్మయో, నాయనమ్మయో ఈ పని చేయవచ్చును.

పుట్టిన తరువాత కనీసము 24 గంటలవరకు శిశువునకు స్నానము చేయింపరాదు. శిశువు పొట్ట వెచ్చగనుండి పాదములు చల్లబడినచో చలి సోకుచున్నదని గుర్తింపవలెను. పొట్టయు చల్లబడి, శిశువు పాలు త్రాగుట తగ్గినచో, రొమ్మునకు హత్తుకొనియే వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వృద్ధులలో మాట తడబడుట, మగత, వణకు నిలిచిపోయి శరీరము చల్లబడుట ఇట్టి ప్రమాద చిహ్నములే.

ఏది ముందు, ఏది వెనుక

చేతనున్న ధనము కొలదియైనపుడు ఖర్చుచేయు క్రమము ముఖ్యము. మొదట పక్క క్రింద పరచు గోనెసంచులు, బొంత. పిదప ఏకించిన దూది లేపు, టోపీ, మేజోళ్లు. ఆపైన తలుపు సందులు, కప్పు క్రింది తడక. పిమ్మట వేడినీళ్ల సంచి. హీటరు అన్నిటికంటె చివర. మొదటివి ఒకసారి సమకూర్చుకొన్నచో ఏండ్ల తరబడి పనికివచ్చును. హీటరు ఖర్చు ప్రతినెలయు తప్పదు. మూసిన గదిలో కుంపటికి ఈ వరుసలో ఏ స్థానమును లేదు.

మలంచాలోని ఒక యింట ముసలితల్లి, పసిబిడ్డ ఉన్నారనుకొందురు గాక. ఎండ పోకమునుపే కిటికీ మూసి, ముసలమ్మ పక్క క్రింద గోనెసంచులు పరచి, బిడ్డను తల్లి రొమ్మున హత్తుకొని, కుంపటిని వాకిటనే ఆర్పివేసి పరుండినచో, ఆ రాత్రికి ఆ యింట అయిన ఖర్చు మిక్కిలి స్వల్పము. తెల్లవారి అందరును క్షేమముగా మేలుకొందురు.